ఇరవై నిమిషాల పరీక్ష, ఇరవై ఏళ్ళ బాకీ

కొన్నేళ్ళ క్రితం గర్భసంచి ఆపరేషన్ల గురించి స్త్రీలతో మాట్లాడుతూ ఊళ్ళు తిరుగుతున్నప్పుడు ఒకామె ఇంటికి వెళ్ళాను. మంచినీళ్ళు తను తెచ్చి ఇవ్వలేదు, కోడలిని పిలిచి ఇప్పించింది. ఆమె కంచం, గ్లాసు వంటింటి బయట గోడవార విడిగా బోర్లించి ఉన్నాయి. ఎందుకని అడిగితే సంచీలోంచి మడతలు పడిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. హెర్నియా ఆపరేషన్ కోసం ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే రక్తం తీశారట. దేనికి తీశారో చెప్పలేదు. కాగితం మీద ‘హెచ్.సి.వి. రియాక్టివ్’ అని ఉంది. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. ఇక్కడ ఆపరేషన్ చెయ్యం, పెద్ద ఊరికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటైనా ఆమెతో అనలేదు, కొడుకును లోపలికి పిలిచి చెప్పారు.

“నాకెట్లా వచ్చిందమ్మా ఇది? నేనెవరి జోలికన్నా పోయినదాన్నా?” అని అడిగింది.

1994లో తొలికాన్పులో రక్తం బాగా పోతే ఆమెకు రెండు సీసాలు ఎక్కించారు. ఆ రక్తం భర్త బయట డబ్బిచ్చి తెచ్చాడు. ఈ సంగతి నేను అడిగితే చెప్పింది. ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు.

వైరస్ నిజంగా ఉందో లేదో తేల్చే రెండో పరీక్ష జరగడానికి పదకొండు నెలలు పట్టింది. వైరస్ లేదని తేలింది. ఎప్పుడో దానంతటదే పోయింది. అంటే లేని జబ్బుకు పదకొండు నెలలు ఆమె కంచం వేరుగా ఉంది. ఉన్నా కంచం వేరు చెయ్యనక్కర్లేదని కూడా ఆ పదకొండు నెలల్లో ఎవరూ చెప్పలేదు.

మొదటి పరీక్షకు పట్టింది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలకీ, పదకొండు నెలలకీ మధ్య ఏముందో మనం మాట్లాడుకోవాలి.

సగం పరీక్ష

హెపటైటిస్ సి వైరస్‌ను 1989లో గుర్తించారు. అది రక్తం ద్వారా సోకి కాలేయాన్ని ఏళ్ళ తరబడి తినేస్తుంది. కళ్ళు పచ్చబడడం, జ్వరం రావడం చాలామందిలో కనిపించదు. కనిపించేది నీరసం. మన సమాజంలో ఆడదాని నీరసం జబ్బు లెక్కలోకి రాదు. ఐరన్ మాత్రలో, బి కాంప్లెక్సో రాసి పంపిస్తారు. ‘ఈ వయసులో మామూలే’ అంటారు. కడుపులో నీరు చేరి, రక్తం కక్కుకున్నాక గానీ అది కాలేయం జబ్బని ఇంట్లోవాళ్ళు గుర్తించరు.

వేలి కొసన గుచ్చి తీసిన ఒక్క చుక్క రక్తంతో చేసే త్వరిత పరీక్ష చెప్పేది ఒకటే: ఈ మనిషి ఒంట్లోకి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ వచ్చింది, దాన్ని ఎదిరించే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయి. ఇప్పుడు వైరస్ ఉందో లేదో అది చెప్పదు. సోకినవారిలో నూటికి సుమారు 30 మందిలో ఏ మందూ లేకుండా ఆరు నెలల లోపే వైరస్ పోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగతా 70 మందిలో అది ఉండిపోతుంది. వీరిలో నూటికి 15 నుంచి 30 మందికి ఇరవై ఏళ్ళలో కాలేయం గట్టిపడిపోయే ప్రమాదం ఉంది. ఎవరు ఏ గుంపులో ఉన్నారో చెప్పగలిగింది రెండో పరీక్షే. మొదటిది చేసి రెండోది చెయ్యకపోవడం సగం పరీక్ష చెయ్యడం. సగం పరీక్ష వల్ల జబ్బు తగ్గదు, ముద్ర మాత్రం పడుతుంది.

ఈ ముద్ర చెరగదు కూడా. జబ్బు పూర్తిగా నయమైనా యాంటీబాడీలు ఏళ్ళ తరబడి, చాలామందిలో జీవితాంతం ఉంటాయి. నయమైన మనిషికి మళ్ళీ అదే త్వరిత పరీక్ష చేస్తే మళ్ళీ ‘పాజిటివ్’ అనే వస్తుంది. కడప ప్రాంతం నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళే స్త్రీల సంగతి మనకు తెలుసు. గల్ఫ్ ప్రయాణానికి ముందు చేసే వైద్య పరీక్షల్లో ఇది కూడా ఉంటుంది. పాజిటివ్ వస్తే ‘అన్‌ఫిట్’ అని రాస్తారు. మందు వాడి వైరస్ పోగొట్టుకున్న స్త్రీకి ఆ కాగితం ఎన్నాళ్ళు అడ్డుపడాలి? ఏజెంటుకు కట్టిన అప్పు ఎవరు తీర్చాలి?

సీసాలో వచ్చిన రోగం

‘ప్రమాదంలో ఉన్నవారు’ అనే మాట ఆరోగ్య శాఖ కాగితాల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ మాట వినగానే మత్తుమందు సూదులు వాడేవాళ్ళు, సెక్స్ వర్కర్లు, ఖైదీలు మనసులో మెదులుతారు. వారికి ప్రమాదం ఉన్న మాట నిజం. కానీ ఈ జాబితా చదివేటప్పుడు అందులోకి చప్పున రాని ఒక పెద్ద గుంపు ఉంది. రక్తం ఎక్కించుకున్న స్త్రీలు.

రక్తంలో ఈ వైరస్‌ను పట్టే పరీక్ష 1990 నాటికే వచ్చింది. అమెరికాలో ఆ ఏడే రక్తనిధుల్లో వాడడం మొదలుపెట్టారు. మన దేశంలో దాతల రక్తానికి ఈ పరీక్షను తప్పనిసరి చేసింది 2001లో. మధ్యలో పదకొండేళ్ళు గడిచాయి. డబ్బుకు రక్తం అమ్ముకోవడాన్ని ఆపమని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇస్తే 1998 జనవరి నుంచి నిషేధం అమలుకు వచ్చింది. అంతవరకూ ఆకలికి రక్తం అమ్ముకున్న పేదవాడి నుంచి, రక్తం లేక కాన్పులో చావుబతుకుల్లో ఉన్న పేదరాలికి సీసాలు నడిచాయి. ఆ ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. పరీక్ష ఉండి కూడా చెయ్యనివారిది తప్పు.

ఆ రోజుల్లో రక్తం ఎవరికి ఎక్కించారు? ప్రమాదాల్లో గాయపడిన మగవాళ్ళకూ ఎక్కించారు. కానీ కాన్పులో రక్తస్రావం, సిజేరియన్, గర్భస్రావం, గర్భసంచి ఆపరేషన్ ఇవన్నీ ఆడవాళ్ళవే. పైగా మన రాష్ట్రాల్లో గర్భసంచి తీసేయడం ఏ స్థాయికి చేరిందో అందరికీ తెలిసిందే. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. కోతలు ఎక్కువైన చోట సూదులు, సెలైన్లు, రక్తం సీసాలు కూడా ఎక్కువే. దీనికి తోడు ప్రతి నీరసానికీ ఒక ఇంజక్షన్ గుచ్చే పల్లె వైద్యం ఉంది. మరగబెట్టని సూదితో పది మందికి పొడిచిన రోజులు మనలో చాలామందికి గుర్తే.

1990లలో రక్తం ఎక్కించుకున్న ఇరవై ఏళ్ళ బాలింత ఇప్పుడు యాభై దాటింది. ఈ జబ్బు కాలేయాన్ని పాడుచెయ్యడానికి తీసుకునే ఇరవై, ముప్ఫై ఏళ్ళు సరిగ్గా ఇప్పుడే పూర్తవుతున్నాయి. ఆమె కోసం ఎవరైనా వెతుకుతున్నారా? ‘2001కి ముందు నీకు రక్తం ఎక్కించారా అమ్మా?’ అనే ఒక్క ప్రశ్న ఆశా కార్యకర్త చేతిలోని కాగితంలో ఎందుకు లేకూడదు? ప్రభుత్వం పరీక్షించకుండా ఎక్కనిచ్చిన రక్తం అది. ఇప్పుడు వెతికి, పరీక్షించి, నయం చెయ్యడాన్ని దయ అనకండి. అది బాకీ తీర్చడం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కాన్పులో రక్తం ఎక్కించుకున్న తల్లి ‘పాపం’, సూదితో మత్తుమందు తీసుకున్న స్త్రీ ‘పాపి’ అనే విభజనలోకి మనం జారిపోకూడదు. ఎయిడ్స్ విషయంలో ఆ విభజన ఎంత హాని చేసిందో చూశాం. భార్య అమాయకురాలు, సెక్స్ వర్కర్ వాహకురాలు అన్నారు. నన్ను ఆమె అడిగిన ప్రశ్నలో కూడా ఆ భయమే ఉంది. నిజానికి భార్యాభర్తల మధ్య లైంగిక సంబంధం వల్ల ఈ వైరస్ సోకడం చాలా అరుదు. కలిసి తినడం వల్ల, ముట్టుకోవడం వల్ల సోకనే సోకదు. అయినా ‘రియాక్టివ్’ అన్న మాట చెవిన పడగానే మగవాడి కాలేయం గురించి డాక్టరును అడుగుతారు, ఆడదాని శీలం గురించి ఊరిని అడుగుతారు. మణిపూర్‌లో సూదితో మత్తుమందు తీసుకునే స్త్రీలు అటు పోలీసుకూ ఇటు కుటుంబానికీ భయపడి చికిత్సా కేంద్రాల గడప తొక్కలేని స్థితి ఈ నీతి తీర్పు ఫలితమే. రోగం ఏ దారిన వచ్చిందన్నది వైద్యానికి ఆధారం కావచ్చు, అర్హత మాత్రం కాకూడదు.

మందు మన దగ్గరే ఉంది

‘తెలిసి మాత్రం ఏం లాభం? మందు లేదుగా’ అని ఇంకా అనుకునేవాళ్ళున్నారు. ఒకప్పుడు అది కొంత నిజం. వారం వారం ఇంటర్‌ఫెరాన్ సూదులు, ఆరు నెలల నుంచి ఏడాది వరకూ నరకం, లక్షల ఖర్చు, సగం మందికి ఫలితం లేకపోవడం. ఆ కాలం పోయింది. 2013 చివర సోఫోస్‌బువిర్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి దొరికింది. దాన్ని మరో మాత్రతో కలిపి పన్నెండు వారాలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా నయమవుతోంది.

అమెరికన్ కంపెనీ దానికి పెట్టిన ధర పన్నెండు వారాలకు 84 వేల డాలర్లు, అంటే మాత్రకు వెయ్యి డాలర్లు. పేటెంట్ ఇవ్వకూడదని మన దేశంలో రోగుల సంఘాలూ, హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీ అభ్యంతరాలు వేశాయి. 2015 జనవరిలో పేటెంట్ కార్యాలయం నిరాకరించింది, 2016లో ఇచ్చేసింది. కానీ ఆ ఒత్తిడి మధ్య అమెరికన్ కంపెనీ మన కంపెనీలకు లైసెన్సులు ఇవ్వక తప్పలేదు. హైదరాబాదులోనే ఉన్న హెటిరో, నాట్కోలు 2015 నాటికి అదే మందును అమెరికా ధరలో ఏ మూలకూ రానంత తక్కువకు అమ్మాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడి రోగులకో మందు పంపే నగరం మనది. ఆ నగరానికి వంద మైళ్ళ దూరంలోని స్త్రీ కామెర్ల పేరుతో పసరు మందు తాగుతోంది.

2018 జులై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. దాని కింద పరీక్షా ఉచితమే, మందూ ఉచితమే. మరి ఇబ్బంది ఎక్కడ? ఉచితమైన మందు జిల్లా కేంద్రంలో ఉంటుంది, స్త్రీ ఊళ్ళో ఉంటుంది. క్యాంపులో త్వరిత పరీక్ష ఒక రోజు. రెండో పరీక్షకు రక్తం ఇవ్వడానికి ఇంకో రోజు, ఫలితానికి మరో రోజు, మందు రాయించుకోవడానికి ఇంకొకటి, ప్రతి నెలా మందు తెచ్చుకోవడానికి మళ్ళీ ఒకటి. ప్రతి రోజూ పోయిన కూలీ, బస్సు చార్జీ, తోడు రమ్మని మగవాణ్ణి బతిమాలడం. ‘ఎందుకు పోతున్నావు?’ అన్న ప్రశ్నకు ప్రతిసారీ ఒక అబద్ధం వెతుక్కోవడం.

గర్భిణుల సంగతి చూడండి. ఈ మందులు గర్భంతో ఉన్నప్పుడు మామూలుగా మొదలుపెట్టరు, ప్రసవమయ్యాక ఇస్తారు. బిడ్డకు సోకే అవకాశం నూటికి ఐదారు. తల్లిపాల వల్ల సోకదు, పాలు మాన్పించనక్కర్లేదు. ఇదంతా పుస్తకాల్లో బాగానే ఉంది. కానీ మన అమ్మాయి తొలికాన్పుకు పుట్టింటికి వస్తుంది. పరీక్ష పుట్టింటి జిల్లాలో జరుగుతుంది. మూడో నెలో, ఐదో నెలో బిడ్డనెత్తుకుని అత్తింటికి పోతుంది. కాగితం పుట్టింటి బీరువాలో ఉండిపోతుంది. అత్తింట్లో ఆ విషయం చెబితే ఏమవుతుందో తెలుసు కాబట్టి తనూ నోరు విప్పదు. ఆమెకు వైద్యం అందదు, కార్యక్రమం లెక్కల్లో మాత్రం ఆమె ‘పరీక్ష జరిగిన గర్భిణి’. ఇలాంటి స్త్రీలను అధికారులు ‘ఫాలో అప్‌కు రానివారు’ అని రాసుకుంటారు. రానిది ఆమా, ఆమె దాకా వెళ్ళనిది వైద్యమా?

ఇది సాధ్యం కాని పని కూడా కాదు. పంజాబ్ ప్రభుత్వం 2016 జూన్‌లో ఉచిత వైద్యం మొదలుపెట్టి, పెద్ద నిపుణులే చూడాలనే పట్టు వదిలి జిల్లా ఆసుపత్రి డాక్టర్లకు శిక్షణ ఇచ్చింది. మొదటి రెండు మూడేళ్ళలోనే 48 వేల మంది రోగులు ఆ వైద్యం కిందికి వచ్చారు. వారిలో అత్యధికులు పల్లెవాళ్ళు. వైద్యం పూర్తి చేసి చివరి పరీక్షకు వచ్చినవారిలో పదింట తొమ్మిది మందికి పైగా నయమైంది.

ఈజిప్టు కథ ఇంకా పెద్దది. అక్కడ 1950ల నుంచి 1980ల వరకూ నత్తల జ్వరం నివారణకు ప్రభుత్వమే ఊరూరా సూదులు వేయించింది. సరిగా శుద్ధి చెయ్యని ఆ సూదులతోనే హెపటైటిస్ సి దేశమంతా పాకింది. 2018 అక్టోబరు నుంచి ఏడు నెలల్లో అదే దేశం దాదాపు 5 కోట్ల మందికి వేలి కొసన రక్తంతో త్వరిత పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవారిని రెండో పరీక్షకూ, ఉచిత వైద్యానికీ పంపింది. పరీక్షనూ మందునూ ఒకే తాడుతో కట్టింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని ఈ జబ్బు నిర్మూలన బాటలో ముందున్నదిగా గుర్తించింది. రాజ్యం తన సూదితో అంటించిన రోగాన్ని రాజ్యమే మాన్పవచ్చు. మన రాజ్యం తన రక్తనిధుల విషయంలో ఆ మాత్రం ఒప్పుకోలేదా?

మనలో ఉన్న అనుమానం

ఇప్పుడు మన స్నేహితులతో ఒక మాట. ఈ విషయం సమావేశాల్లో ఎత్తితే కొందరు ముఖం ముడుస్తారు. ‘మళ్ళీ ఆడవాళ్ళ శరీరాలపై పరీక్షలా?’ అంటారు. ఆ అనుమానం ఊరికే రాలేదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజక్షన్ ప్రయోగం జరుగుతుంటే అదేమిటో తెలియని స్త్రీలను వరసలో కూర్చోబెట్టారు. స్త్రీశక్తి సంఘటన, సహేలీ తదితరులు 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్.పి.వి. టీకాలు వేసినప్పుడు సమ్మతి పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో గొడవ అయ్యాక గానీ అది ఆగలేదు. వద్దనడం మనం ఈ అనుభవాల నుంచి నేర్చుకున్నాం.

కానీ అప్పుడు మనం వద్దన్నది వైద్యశాస్త్రాన్ని కాదు. చెప్పకుండా చెయ్యడాన్ని, చేసి వదిలెయ్యడాన్ని వద్దన్నాం. ఇక్కడ కూడా వద్దనాల్సింది ఆ రెంటినే. పరీక్ష మొత్తాన్నే వద్దంటే నష్టపోయేది కూలీకి పోయే స్త్రీ. డబ్బున్నవాళ్ళు ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయించుకుని మందు కొనుక్కుంటున్నారు. మన మౌనం వల్ల మిగిలిపోయేది ఎవరో ఆలోచించండి. వద్దనడం నేర్చుకున్న ఉద్యమం, కావలసినదాన్ని షరతులతో అడిగి తీసుకోవడం కూడా నేర్చుకోవాలి.

ఆ షరతుల్లో మొదటిది చట్టం. హెచ్.ఐ.వి. విషయంలో 2017లో చట్టం వచ్చి 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అడగకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితం ఇతరులకు చెప్పకూడదు, వైద్యం నిరాకరించకూడదు అని అందులో ఉంది. ఆ చట్టం అన్ని చోట్లా అమలవుతోందని నేను అనను, కానీ చేతిలో పట్టుకుని నిలదియ్యడానికి ఒక కాగితం ఉంది. అదే రక్తం నుంచి, అదే సిరంజిలోంచి తీసి చేసే హెపటైటిస్ సి పరీక్షకు అలాంటి రక్షణ ఏదీ లేదు. ఆపరేషన్‌కు ముందు ఏదో పరీక్షల వరసలో కలిపి చేసేస్తారు. పాజిటివ్ వస్తే ఆపరేషన్ ఆపుతారు. ప్రతి రోగి రక్తాన్నీ సోకే అవకాశమున్న రక్తంగానే చూసి గ్లౌజులు, శుద్ధి చేసిన పరికరాలు వాడాలన్నది వైద్యంలో ప్రాథమిక నియమం. అది పాటించే ఆసుపత్రికి ఏ రోగినీ వెనక్కి పంపాల్సిన అవసరం లేదు. వెనక్కి పంపుతున్నారంటే మిగతావాళ్ళ విషయంలో ఏం పాటిస్తున్నట్టు? పాటించని చోట ఆ సూదులు ఏరి పారేసే కాంట్రాక్టు స్వీపరమ్మ చేతికి గుచ్చుకుంటే ఆమెను ఎవరు పరీక్షిస్తున్నారు? ఈ జబ్బుకు టీకా లేదు. ఆమెకున్న రక్షణ గ్లౌజులు, గుచ్చుకున్న వెంటనే పరీక్ష, సోకితే మందు.

మనం అడగవలసినవి

ఒకటి: అడిగి, అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఒప్పుకున్నాకే పరీక్ష చెయ్యాలి. ఫలితం ముందు ఆ స్త్రీకే చెప్పాలి. ఎవరికి చెప్పాలన్నది ఆమె ఇష్టం.

రెండు: త్వరిత పరీక్ష పాజిటివ్ వస్తే అదే రోజు, అదే చోట రెండో పరీక్షకు రక్తం తీసుకోవాలి. క్షయ నిర్ధారణకు వాడుతున్న ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలు ఈ వైరస్‌ను కూడా పట్టగలవు. వాటిని అందుకు వాడాలి. రెండో పరీక్షకు ఏర్పాటు లేని క్యాంపు పెట్టనే కూడదు.

మూడు: మందు జిల్లా కేంద్రం దాటి పి.హెచ్.సి. దాకా రావాలి. పరీక్ష ఒక జిల్లాలో, కాపురం ఇంకో జిల్లాలో ఉన్నా వైద్యం ఆగకూడదు.

నాలుగు: 2001కి ముందు రక్తం ఎక్కించుకున్న స్త్రీలకు ఇంటి దగ్గరే పరీక్ష చేస్తామని ప్రభుత్వమే వచ్చి అడగాలి. డయాలసిస్ రోగులు, తలసేమియా పిల్లలు, ఆసుపత్రి పారిశుధ్య కార్మికులు, సెక్స్ వర్కర్లు, మత్తుమందు సూదులు వాడేవారు, ఖైదీలు, ట్రాన్స్‌జెండర్ స్త్రీలు అందరికీ ఏ నీతి ప్రశ్నా లేకుండా అదే హక్కు ఉండాలి.

ఐదు: హెచ్.ఐ.వి. చట్టంలోని రక్షణలు హెపటైటిస్‌కు కూడా వర్తింపజెయ్యాలి. నయమైనవారికి ‘వైరస్ లేదు’ అన్న ధృవపత్రం ఇవ్వాలి. పనికి వెళ్ళే చోట యాంటీబాడీ కాగితం కాక ఆ ధృవపత్రమే చెల్లేలా చూడాలి.

ఆరు: కార్యక్రమం విజయాన్ని ఎన్ని పరీక్షలు చేశారన్న అంకెతో కొలవడం మానాలి. ఎంతమందికి నయమైందో, అందులో స్త్రీలు ఎందరో జిల్లాలవారీగా ప్రకటించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్ సి ఉన్నవారు 55 లక్షలు. వారిలో ఎంతో మందికి ఆ సంగతే తెలియదు. ఈ అంకె చదివి బెంబేలెత్తనక్కర్లేదు. ఈసారి గ్రామానికి వెళ్ళినప్పుడు, సంఘం మీటింగులో కాన్పుల కబుర్లు, ఆపరేషన్ల కబుర్లు వచ్చినప్పుడు యాభై దాటిన అక్కల్ని, అమ్మల్ని ఒక్క ప్రశ్న అడగండి: ‘అప్పట్లో నీకు రక్తం ఎక్కించారా?’ ఎన్ని చేతులు లేస్తాయో లెక్కపెట్టండి. ఆ లెక్క పట్టుకుని జిల్లా వైద్యాధికారి దగ్గరకు, ఆ చేతులన్నిటితో కలిసి వెళ్దాం. బాకీదారు గుమ్మంలోకి వెళ్ళి అడిగితే తప్ప తీరిన బాకీ ఏదీ మనకు తెలియదు.